వైశాఖంలో తవ్విన పునాది

తెనాలిలో పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టడానికి జనం ఎక్కువగా చూసుకునేది వైశాఖ ముహూర్తం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు గనక పనికిరావు. వేసవిలో పిల్లలకి సెలవులు, పొలం పనులు లేక కూలీలు దొరుకుతారు, వాన భయం ఉండదు. అందరికీ అనుకూలమే, నేలకి తప్ప. కృష్ణా డెల్టా నల్లరేగడి ఏడాది మొత్తంలో బాగా ఎండి, ముడుచుకుని, చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు నాలుగడుగులు తవ్వి, అడుగున ఇంత ఇసుక పరిచి కాంక్రీటు పోస్తాం. ఆపైన మూడు నెలల్లో కాలువలకి నీళ్ళొస్తాయి, వానలు పడతాయి, ఎండిన మట్టి తాగడం మొదలుపెడుతుంది. తాగిన మట్టి ఉబ్బుతుంది. ఉబ్బేటప్పుడు పైన ఏముందో చూసుకోదు.

గృహప్రవేశమై రెండేళ్ళు తిరగకముందే కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక గీత బయలుదేరుతుంది. మేస్త్రీని పిలిస్తే "కొద్దిగా సెటిలైంది లెండి, పుట్టీ పెడితే పోతుంది" అంటాడు. చాలాసార్లు ఆ ఇల్లు దిగలేదు, లేచింది. ఈ తేడా తెలియకుండా చేసే మరమ్మతు ఏటా చేయాల్సి వస్తుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టాలోవే. మద్రాసు లైనులో తెనాలి తరవాత గంట లోపే బాపట్ల వస్తుంది. తెనాలి నుంచే విడిపోయిన బ్రాంచి లైను రేపల్లెలో ఆగిపోతుంది. మూడు ఊళ్ళలోనూ కాంట్రాక్టర్లు ఒకే ప్లాను, ఒకే పిల్లరు సైజు, ఒకే సిమెంటు పాళ్ళు చెబుతారు. కానీ తెనాలి కింద ఉన్నది బంకమన్ను, బాపట్ల కింద ఉన్నది ఎక్కువగా సముద్రం వదిలి వెళ్ళిన ఇసుక, రేపల్లె కింద ఉన్నది ఉప్పు కలిసిన బంక. ఎలివేషనుకి నాలుగు లక్షలు పెట్టే ఇంటాయన మట్టి పరీక్షకి కొన్ని వేలు ఎందుకు పెట్టడో నాకు ఎప్పటికీ అర్థం కాదు. బహుశా ఎలివేషను చుట్టాలకి కనిపిస్తుంది, మట్టి కనిపించదు.

తెనాలి మట్టి పుట్టిన చోటు తెనాలి కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కన్ పీఠభూమి మీద పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి బసాల్టు రాయి అయింది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ ఆ రాతి మీదుగానే వస్తుంది. బసాల్టు శిథిలమైతే వచ్చే బంకలో స్మెక్టైట్ జాతి ఖనిజాలు ఎక్కువ. వాటిలో పేరుమోసింది మాంట్‌మోరిల్లోనైట్. ఇది రేకుల కట్ట. ఒక్కో రేకు మందం సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు. రేకుల మీద రుణావేశం ఉంటుంది, దాన్ని సరిపెట్టడానికి రేకుల మధ్య సోడియం, కాల్షియం అయాన్లు చేరతాయి. ఈ అయాన్లకి నీళ్ళంటే ఆకర్షణ. తడి తగలగానే నీటి అణువులు రేకుల మధ్యకి దూరి వాటిని విడదీస్తాయి. శుద్ధమైన మాంట్‌మోరిల్లోనైట్ ఒక్క గ్రాము తీసుకుని దాని రేకులన్నీ పక్కపక్కన పరిస్తే దాదాపు 800 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో ఇరవై సెంట్ల స్థలం. అంత ఉపరితలం నీటిని పట్టి ఉంచుతుందన్నమాట. పత్తికీ మినుముకీ ఈ గుణమే వరం, వానలు వెళ్ళిపోయినా వేళ్ళకి తేమ అందుతుంది. ఇంటికి మాత్రం ఇదే శాపం.

ఉబ్బే మట్టి ఎంత బలంగా తోస్తుంది? ఒకటి రెండు అంతస్తుల ఇల్లు తన పునాది మీద మోపే బరువు సాధారణంగా చదరపు మీటరుకు అయిదు నుంచి పది టన్నులు. నల్లరేగడిలో ఉబ్బే ఒత్తిడి చదరపు మీటరుకు ఇరవై టన్నుల దాకా, కొన్నిచోట్ల అంతకు మించీ కొలిచారు. అందుకని ఇక్కడ మన సహజమైన ఊహ తలకిందులవుతుంది. పెద్ద భవనం కంటే తేలికైన ఇంటికే ప్రమాదం ఎక్కువ. నాలుగంతస్తుల అపార్టుమెంటు తన బరువుతో మట్టిని అణచి ఉంచగలదు. దాని పక్కనున్న ఒంటి అంతస్తు ఇల్లు, ఇంకా ముఖ్యంగా ప్రహరీ గోడ, ఏ సీజనుకా సీజను ఊగుతాయి. ఈ ఊళ్ళలో నిట్టనిలువుగా ఉన్న పాత ప్రహరీ గోడలు ఎన్ని ఉన్నాయో నడిచి చూస్తే తెలుస్తుంది.

ఇల్లంతా ఒకేలా లేస్తే ఇబ్బంది లేదు. అలా లేవదు. ఇంటి నడిమి భాగం కింద ఎండ తగలదు, ఆవిరి పోయే దారి లేదు. అక్కడ తేమ నెమ్మదిగా పోగుపడుతుంది. అంచుల్లో మట్టి వేసవిలో ఎండి, వానల్లో తడుస్తూ ఉంటుంది. నడుమ లేచి అంచులు దిగితే గోడ పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా కనబడుతుంది. అంచులు లేచి నడుమ దిగితే పగులు కింద వెడల్పు. పుట్టీ పెట్టేముందు ఏ నెలలో పగులు పెరిగిందో, ఏ నెలలో మూసుకుందో ఒక ఏడాది రాసి పెట్టుకుంటే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. వేసవిలో తెరుచుకుని కార్తీకానికి సన్నబడే పగులు బంకమట్టిది. ఏ కాలంలోనైనా పెరుగుతూనే పోయేది వేరే జబ్బు.

మట్టి ఉబ్బే గుణాన్ని కొలిచే పరీక్ష చాలా సులువైనది. భారత ప్రమాణాల్లో దీనికి ఐఎస్ 2720, నలభయ్యో భాగం అని పేరు. ఎండబెట్టి జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు భాగాలు చేసి, వంద మిల్లీలీటర్ల గాజు కొలపాత్రలు రెండిటిలో వేస్తారు. ఒకదాంట్లో నీళ్ళు, రెండోదాంట్లో కిరసనాయిలు పోసి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరసనాయిలు అణువులకి నీటి అణువుల్లా రెండు కొసల్లో ఆవేశాలు ఉండవు, కాబట్టి అవి రేకుల మధ్యకి పోవు, ఆ పాత్రలో మట్టి ఉబ్బదు. నీళ్ళలోని మట్టి దానికంటే ఎంత ఎక్కువ చోటు ఆక్రమించిందో శాతంలో చెబితే అదే ఉబ్బు సూచి. యాభై దాటిందంటే పునాది సంగతి ఆలోచించాలి. వంద దాటిందంటే మామూలు పునాది మాట మరిచిపోవాలి. ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలల్లో రోజూ చేసే పరీక్షే ఇది.

ఖాళీ స్థలంలో కట్టడానికీ, పాత ఇల్లు పడగొట్టి అదే చోట కట్టడానికీ చాలా తేడా ఉంది. దీన్ని మన వైపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డెబ్బై ఎనభై ఏళ్ళు ఒక ఇంటిని మోసిన మట్టి ఆ బరువుకి అణిగి ఉంటుంది. దాని తేమ ఒక స్థాయిలో కుదురుకుని ఉంటుంది. పెరటి మట్టి అలా కాదు. అక్కడ వేపచెట్టు వేళ్ళు ఏటా నీరు లాగేశాయి, ఒక మూల బావి ఉంది, ఇంకో మూల మరుగుదొడ్డి గుంట. పాత ఇల్లు స్థలంలో సగమే ఆక్రమించింది. కొత్త ఇల్లు మునిసిపాలిటీ వదలమన్న మేర వదిలి మిగతాదంతా ఆక్రమిస్తుంది. అంటే కొత్త పునాదిలో కొంత అణిగిన నేల మీద, కొంత ఎన్నడూ బరువు మోయని నేల మీద పడుతుంది. బంకమట్టిలో రెండు చోట్ల కదలిక రెండు రకాలుగా ఉంటుంది.

పెరట్లో వేపచెట్టు కొట్టేసి ఆ చోట వెంటనే పిల్లరు లేపితే ఏమవుతుంది? ఏళ్ళ తరబడి చెట్టు ఎండగట్టిన మట్టి, నీరు లాగే వేళ్ళు లేకపోయేసరికి, మెల్లగా తిరిగి తేమ పుంజుకుంటుంది. అలా ఉబ్బడం ఒక్క వానాకాలంతో ఆగదు, కొన్నేళ్ళు సాగుతుంది. చెట్టు తీసెయ్యక తప్పదంటే ఇంటి పని మొదలయ్యేముందు వీలైనంత ముందుగా తీసి, నేల కుదుటపడనివ్వాలి. బావి సంగతి ఇంకా తేలిగ్గా తీసుకుంటారు. పడగొట్టిన ఇంటి రద్దు అంతా అందులో గుమ్మరించి పైన మట్టి కప్పేస్తారు. ముక్కల మధ్య ఖాళీలు అలాగే ఉండి, ఏళ్ళకేళ్ళు మట్టి కిందికి జారుతూ పోతుంది. పూడ్చాల్సి వస్తే పూడిక తీసి, ఇసుకో గ్రావెలో అడుగు అడుగుగా వేసి తడిపి దిమ్మిస చేయాలి. అంతకంటే మంచిది దాని మీద పిల్లరు రాకుండా ప్లాను గీయించుకోవడం. వాస్తు ప్రకారం ఈశాన్యంలో సంపు తవ్వడం మనకి అలవాటే. ఆ సంపు గోడలో సన్నటి చెమ్మ ఉన్నా పక్కనున్న పునాది కింది మట్టి ఏడాదంతా తడిసే ఉంటుంది, ఆ మూల ఒక్కటే లేస్తుంది. సంపు ఎక్కడైనా తవ్వుకోండి, నీరు పోసి వారం రోజులు మట్టం చూశాకే వాడుకలో పెట్టండి.

అలాంటి నేల మీద పాత మండువా ఇళ్ళు ఎనభై ఏళ్ళు ఎలా నిలబడ్డాయన్నది న్యాయమైన ప్రశ్న. వాటికి పైళ్ళు లేవు, ఇనుము లేదు. జవాబు గానుగ సున్నంలో ఉంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చి నెమ్మదిగా రాయిగా మారుతుంది. సిమెంటంత గట్టి పడదు, ఆ మెత్తదనమే దాని బలం. నేల కదిలితే ఆ కదలికని మూరెడు మందం గోడ మొత్తంలో వెంట్రుకవాసి పగుళ్ళుగా పంచుకుంటుంది. పగుళ్ళలోకి దిగిన వాననీరు కొంత సున్నాన్ని కరిగించుకుని, ఆరేటప్పుడు అక్కడే స్ఫటికాలుగా వదిలి, పగులుని తనంతట తనే మూస్తుంది. పైన బెంగుళూరు పెంకు గానీ, టేకు దూలాల మీద ఏటవాలుగా నిలబెట్టిన ఇటుకలతో వేసిన మద్రాసు మిద్దె గానీ అంగుళం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటాయి. సిమెంటు గోడ అలా కాదు. గట్టిగా బిగుసుకుని ఉండి, తట్టుకోలేని క్షణాన ఒకే చోట బారుగా చీలుతుంది. అలాగని అందరూ సున్నానికి తిరిగి వెళ్ళాలని నేను చెప్పను. సున్నం పనికి మేస్త్రీలు అరుదైపోయారు, మీద రెండంతస్తులు వేసుకునే వీలు ఆ పద్ధతిలో ఉండదు. పైగా ఏళ్ళ తరబడి మీద మీద వేసిన రోడ్లతో పాత ఇంటి గడప వీధి కంటే కిందికి పోయింది, ముసురు పడితే వీధి నీళ్ళు వసారాలోకి వస్తాయి. పడగొట్టక తప్పనివి చాలా ఉన్నాయి.

పడగొట్టిన సరుకులో విలువ ఎక్కువ. ముదురు టేకు దూలాలు, గుమ్మాలు, పాత ఇటుక అన్నిటికీ బేరం ఉంటుంది. ఈ ప్రాంతంలో ఇది కొత్త అలవాటూ కాదు. రేపల్లె తోవలో ఉన్న భట్టిప్రోలు బౌద్ధ స్తూపం ఇటుకల్నీ రాళ్ళనీ 19వ శతాబ్దంలో రోడ్డుకీ కాలువ పనులకీ తరలించుకుపోయారు. మిగిలినదాంట్లోనే 1892లో అలెగ్జాండర్ రే ధాతుకరండాలు తవ్వి తీశాడు. ఆ పెద్ద ఇటుకలు రెండువేల ఏళ్ళు దాటినా నిలిచాయి, బాగా కాలిన ఇటుకకి మళ్ళీ తడిసి ఉబ్బే గుణం ఉండదు మరి. ఒక్క హెచ్చరిక. పాత వసారా మీది సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని సుత్తితో పగలగొడితే కంటికి కనపడని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరతాయి. నీళ్ళతో తడిపి, మరలు విప్పి, ముక్కలు కాకుండా దించాలి.

నల్లరేగడికి మన దేశంలోనే పండిన ఒక జవాబు ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో 1950లలో దినేశ్ మోహన్ బృందం అండర్ రీమ్డ్ పైళ్ళని ఇక్కడి నేలలకి తగ్గట్టు తీర్చిదిద్దింది. సంగతి తేలికైనది. ఎండావానలకి తేమ మారే పొర పైన ఉన్న మూడు నాలుగు మీటర్లే. అంతకంటే లోతున మట్టి ఏడాదంతా దాదాపు ఒకే తేమతో ఉంటుంది. కాబట్టి చేతితో తిప్పే ఆగరుతో సన్నటి గుంట దించి, అడుగున రెక్కలు విచ్చుకునే పనిముట్టుతో గుంటని కాండం వ్యాసానికి రెండున్నర రెట్లు వెడల్పు చేస్తారు. ఇనుము దించి కాంక్రీటు పోస్తే కింద ఒక బల్బు తయారవుతుంది. పై మట్టి ఉబ్బి పైలుని లాగినా ఆ బల్బు అడుగున పట్టుకుని రానివ్వదు. పైళ్ళ తలల్ని కలుపుతూ ప్లింత్ బీమ్ వేస్తారు. దాని కింద కొద్దిగా ఖాళీ వదలాలి, ఉబ్బిన మట్టికి చోటు ఉండాలి. మన దగ్గర తప్పు జరిగేది ఇక్కడే. పైళ్ళకి లక్షలు పోసి, బీమ్ కింద మట్టి గట్టిగా కూరి దాని మీదే కాంక్రీటు పోస్తారు. మట్టి అప్పుడు పైలుని వదిలి బీముని తోస్తుంది. ఇంకో తప్పు, తవ్వి తీసిన నల్లమట్టినే బేస్‌మట్టం లోపల నింపడం. మట్టికి డబ్బు మిగులుతుంది, అయిదారేళ్ళలో గచ్చు టైల్సు లేస్తాయి. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి చేసిన పరిశోధన ఈ విషయంలో పనికొస్తుంది. ఉబ్బే మట్టి మీద సుమారు మీటరు మందాన ఉబ్బని గ్రావెల్ మట్టి వేసి దిమ్మిస చేస్తే ఉబ్బు చాలావరకు అణుగుతుందని ఆయన చూపించాడు.

ఈ బాధ మనకే ప్రత్యేకం కాదు. తెనాలి నుంచి వెళ్ళి డాలస్ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు వేసవిలో లాన్‌కే కాక పునాదికి కూడా నీళ్ళు పెట్టుకుంటారు. ఇంటి చుట్టూ చిల్లుల గొట్టం వేసి అంచు మట్టి ఎండకుండా కాపాడుకోవడం అక్కడ మామూలు విషయం. టెక్సస్ రాష్ట్ర మట్టిగా పేరుపొందిన హ్యూస్టన్ బ్లాక్ మన నల్లరేగడి కుటుంబంలోదే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మనవాళ్ళు ఎక్కువగా కట్టుకుంటున్న చోట కూడా కింద బసాల్టు నుంచి వచ్చిన బంకే. ఆస్ట్రేలియాలో ఇంటి ప్లానుకి ముందే నేలకి తరగతి నిర్ణయిస్తారు. తడికీ ఎండకీ నేల పైకీ కిందికీ ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో లెక్కగట్టి, ఇరవై లోపైతే ఒక తరగతి, నలభై లోపైతే ఇంకోటి, డెబ్బై అయిదు దాటితే అతి తీవ్రం. పునాది ఎలా ఉండాలో ఆ తరగతే చెబుతుంది. ఒకే కుటుంబంలో మెల్‌బోర్న్ అబ్బాయి నేల తరగతి చూసుకుని ఇల్లు కట్టుకుంటే, తెనాలిలో వాళ్ళ నాన్నగారి ఇంటికి పక్కింటి పునాది లోతే కొలమానం కావడం నాకు వింతగా అనిపిస్తుంది.

బాపట్ల కథ వేరు. తీరం అక్కడికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు, సూర్యలంక దాకా ఇసుక తిన్నెలూ మధ్యమధ్య పల్లాలూ. ఇసుక ఉబ్బదు, ముడుచుకోదు. కదలకుండా పట్టి ఉంచితే బరువు బాగా మోస్తుంది. వదులుగా ఉండి, నీటిమట్టం పైపైనే ఉన్నచోట మాత్రం భూకంపం వస్తే ఇసుకరేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. జపాన్‌లోని నీగాతాలో 1964లో అపార్టుమెంటు భవనాలు విరగకుండా అలాగే పక్కకి ఒరిగిపోయింది ఇందుకే. మన ప్రాంతాన్ని భూకంప పటాల్లో మూడో జోనులో చేర్చారు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర వచ్చిన భూకంపాన్ని పెద్దలు ఇంకా చెప్పుకుంటారు.

బాపట్లలో అసలు శత్రువు ఉప్పు. కాంక్రీటు లోపల క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ వాతావరణంలో ఇనుప ఊచ చుట్టూ అతి పలుచని రక్షణ పొర ఏర్పడి తుప్పుని ఆపుతుంది. సముద్రపు గాలిలోని క్లోరైడు కాంక్రీటు రంధ్రాల్లోంచి లోపలికి చేరి ఆ పొరని చిల్లులు పొడుస్తుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కోరుతుంది. ఊచ వెంబడే స్లాబు చీలి, అడుగు పెచ్చులు ఊడి పడతాయి. క్లోరైడు లోపలికి పాకే దూరం కాలంతో నేరుగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. అందుకే ఊచకీ బయటికీ మధ్య కాంక్రీటు మందం, మేస్త్రీలు కవరింగ్ అనేది, రెట్టింపు చేస్తే ఊచని చేరడానికి క్లోరైడుకి పట్టే కాలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఇంత చవకగా ఇంత ఆయుష్షు ఇచ్చే పని ఇంటి నిర్మాణంలో మరోటి లేదు. కాంక్రీటుకి భారత ప్రమాణమైన ఐఎస్ 456 సముద్రతీర వాతావరణంలో 45 మిల్లీమీటర్ల కవరింగ్, ఎం30 కాంక్రీటు, సిమెంటు బరువులో 0.45 వంతుకు మించని నీరు అడుగుతుంది. అంటే యాభై కిలోల బస్తాకి 22 లీటర్ల చిల్లర. స్లాబు రోజున మిక్సర్ దగ్గర "కాస్త పల్చన చెయ్యి" అనే కేక వినబడగానే ఈ లెక్క పోతుంది. మిగులు నీరు ఆవిరై వదిలిన దారుల్లోంచే తరవాత ఉప్పు లోపలికి వెళుతుంది.

ఉప్పు బయటినుంచే రానక్కర్లేదు, మనమే కలపొచ్చు. ఇనుము వేసే కాంక్రీటుకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపు నీటిలో అది సుమారు 19,000. నలభై బిందెల మంచినీటిలో ఒక్క బిందె సముద్రపు నీరు కలిసినా హద్దు చేరుకున్నట్టే. తీరంలో లోతుగా బోరు దించితే తగిలేది చాలాసార్లు ఉప్పునీరే. ఈ సంగతి ఇక్కడి రైతులకి కాంట్రాక్టర్ల కంటే బాగా తెలుసు. ఇసుక నేలల్లో వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద పలుచటి పొరగా తేలుతుంది. తక్కువ లోతు దొరువులు తవ్వి ఆ పై పొర నీటినే తీసుకోవడం ఈ తీరంలో పాతకాలపు పద్ధతి. బాపట్లలో 1945లో మొదలైన వ్యవసాయ కళాశాలకి తోడుగా ఉప్పునీటి వాడకం మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఉంది. దొరువు చుట్టూ భూమిలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, ఉప్పునీటిని కదిలించకుండా పై నీటిని మాత్రమే మీగడలా తీసే మెరుగైన పద్ధతిని అక్కడే అభివృద్ధి చేశారు. నారుమడి కోసం కనిపెట్టిన ఆ ఉపాయం స్లాబుకీ పనికొస్తుంది. పెద్ద మోటారు పెట్టి గబగబా తోడితే కింది ఉప్పునీరు శంఖాకారంలో పైకి లేచి కలిసిపోతుంది. కొద్దికొద్దిగా తోడి సంపులో నింపుకోవాలి. తిన్నెల ఇసుక మాత్రం కాంక్రీటులోకి వద్దు. ఉప్పు ఒక కారణం, రేణువులన్నీ ఒకే సన్నం కావడం రెండోది, సన్న ఇసుక ఎక్కువ నీరు అడుగుతుంది.

రేపల్లెలో ఈ రెండు బాధలూ కలుస్తాయి. బంక ఉంది, ఉప్పూ ఉంది. గోడలకి చవుడు పట్టడం అక్కడ ఇంటింటి కథ. నేలలోని ఉప్పునీరు ఇటుక రంధ్రాల్లో కేశనాళికల ద్వారా పైకి పాకి, గోడ పైకి వచ్చి ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలు కడుతుంది. పెరిగే స్ఫటికం ప్లాస్టరుని లోపలినుంచి పెకలిస్తుంది. రంగులు మార్చినా, ప్లాస్టరు గీకి మళ్ళీ వేసినా కింది నుంచి పంపు ఆగలేదు కాబట్టి తిరిగి వస్తుంది. ఆపాల్సింది ప్లింత్ మట్టంలో, తేమ దాటలేని పొర ఒక్క చోట కూడా తెగకుండా ఇల్లంతా తిరిగేలా. పడగొట్టి కట్టేవాళ్ళకి దొరికే అసలైన లాభం ఇదే, నిలబడి ఉన్న గోడలో ఆ పొర దూర్చడం చాలా కష్టం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, చెరువు నీళ్ళు తాగడానికే పొదుపుగా వాడతారు. ముహూర్తం వైశాఖంలో పెట్టుకున్న మనిషికి కాంక్రీటు కలపడానికీ క్యూరింగుకీ దొరికేది ఉప్పు బోరే. కాలువ పారుతున్న మాఘంలోనే పునాది పని కానిచ్చుకున్న ఇంటికి ఈ బెడద తక్కువ, మట్టి కూడా మరీ ఎండి ఉండదు. మాఘానికీ ముహూర్తాలు ఉన్నాయి కదా.

ఇక్కడ నీరూ గాలీ కూడా లెక్కలోకి రావాలి. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమనీ కృష్ణకి ఇటువైపు తీర గ్రామాలనీ ముంచేశాయి. దాదాపు పదివేలమంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2009 అక్టోబరులో, మళ్ళీ 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగింది. కరకట్టకి ఇవతల ఉన్నామన్న ధీమాతో బేస్‌మట్టం ఎత్తు నిర్ణయించకూడదు. ఊళ్ళో ఆ రెండు వరదల గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, దానికి పైన పెట్టుకోవాలి. గాలికి ఈ తీరంలో సెకనుకి 50 మీటర్ల వేగం, అంటే గంటకి 180 కిలోమీటర్లు, లెక్కలోకి తీసుకోమని ప్రమాణాలు చెబుతాయి. ఆ వేగానికి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. కప్పు అంచుల్లో అది పైకి పీల్చే బలంగా మారి ఇంకా పెరుగుతుంది. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకి మూడువందల కిలోలకు పైగా ఉంటుంది గనక కదలదు. మేడ మీద నీడ కోసం వేసుకునే ఇనుప రేకు అయిదారు కిలోలు. తుపాను రాత్రి ఎగిరి పక్కింటి మీద పడేది అదే. దాని పైపుల్ని స్లాబులోకి దింపిన బోల్టులతో బిగించకపోతే వేసుకోకపోవడమే మేలు.

వరద భయంతో, బండి పెట్టుకోవడానికీ కలిసొస్తుందని, ఈమధ్య రేపల్లెలోనూ బాపట్లలోనూ కింద గోడలు లేకుండా పిల్లర్లు మాత్రం వదిలి, మొదటి అంతస్తు నుంచి కాపురం పెడుతున్నారు. నీటికి ఇది మంచి పద్ధతే, నీరు అడ్డు లేకుండా పోతుంది. భూకంపానికి మాత్రం కింది అంతస్తు మెత్తనైపోతుంది. 2001లో భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో ఎక్కువగా కూలినవి ఇలాంటి భవనాలే. పై అంతస్తులు గోడలతో గట్టిగా ఉండి, ఊగుడంతా కింది పిల్లర్ల తలల మీదా పాదాల మీదా పడుతుంది. అక్కడ రింగులు నాలుగంగుళాల కంటే దూరం ఉండకూడదు, రింగు కొసలు 135 డిగ్రీలు వంచి కాంక్రీటు గుండెలోకి దూర్చాలి. తొంభై డిగ్రీల కొక్కెం ఊపుకి విచ్చుకుంటుంది. రాడ్ బెండరుకి రెండో వంపు అరనిమిషం ఎక్కువ పని, చెప్పకపోతే చెయ్యడు. బీమూ పిల్లరూ కలిసే చోట ఊచలు కిక్కిరిసి ఉంటాయి గనక రింగులు అసలే వెయ్యకుండా వదిలేయడం ఇంకా మామూలు. సెంట్రింగ్ చెక్కలు బిగించేలోపు నిచ్చెన వేసుకుని ప్రతి పిల్లరు తల దగ్గరా ఆ రింగులు లెక్కపెట్టుకోవాలి, మర్నాడు కాంక్రీటు పడ్డాక చూద్దామన్నా కనబడవు.